పెద్దల పళ్ళెం, పెద్దల జ్ఞాపకం



మిరప కోతలు మొదలైతే మన ఇళ్ళలో పొద్దున్నే ఎవరి దారి వారిది. కొడుకూ కోడలూ చేనికో కల్లానికో వెళ్తారు. పిల్లలు బడికి పోతారు. ఇంట్లో మిగిలేది నాయనమ్మ ఒక్కతే. గిన్నెలో అన్నం, జాడీలో పచ్చడి, ముంతలో మజ్జిగ ఉంటాయి. “అత్తయ్యా, ఆకలైతే పెట్టుకు తినండి” అని కోడలు చెప్పి వెళ్తుంది. సాయంత్రం వచ్చి చూస్తే అన్నం సగానికి సగం అలాగే ఉంటుంది.

కొన్నాళ్ళకు నాయనమ్మ అడిగిందే మళ్ళీ అడుగుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతుంది. జపమాల చెప్పేటప్పుడు ఏ రహస్యం దగ్గర ఉన్నదో తెలియక తడబడుతుంది. “పెద్దతనం కదా, చాదస్తం” అని మనం నవ్వి ఊరుకుంటాం.

ఆ మాట కొంతవరకు నిజమే కావచ్చు. కాని ఆ మాట చాటున, తగిన తిండితో, చవకైన మందుతో బాగుపడవలసిన మనిషి కూడా బాగుపడకుండా మిగిలిపోవచ్చు. ఈ వారం పాఠం దాని గురించే. తిండికీ, వృద్ధుల జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధం ఏమిటి? మనం ఇంట్లో ఏమి చేయగలం? ఏమి చేయలేం?

ముందు మూడు తేడాలు తెలుసుకోండి

కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచి, కాసేపటికి గుర్తు తెచ్చుకోవడం వయసుతో వచ్చే మామూలు మరుపు. దానికి భయపడనక్కరలేదు.

కళ్ళజోడు దేనికో తెలియకపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్క పోవడం, మనవణ్ణి చూసి తమ్ముడనుకోవడం, ఇవి నెలల తరబడి, ఏళ్ళ తరబడి పెరుగుతూ పోతే అది డిమెన్షియా కావచ్చు. అది జబ్బు, చాదస్తం కాదు. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నదని 2023లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది.

మూడవది వేరు. నిన్నటిదాకా బాగున్న తాతయ్య ఈరోజు ఉన్నట్టుండి పొంతనలేని మాటలు మాట్లాడితే, మగతగా పడి ఉంటే, అది ఒక్కరోజులో వచ్చిన మతిమరుపు కాదు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, చక్కెర పడిపోవడం, సోడియం తగ్గడం, పక్షవాతం, వీటిలో ఏదైనా కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవలసిన స్థితి అది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకున్నా ఈ పాఠం చదివినందుకు ఫలితం దక్కినట్టే.

పత్తి నేలలు నేర్పిన పాఠం

తిండి లోపిస్తే మతి చెడుతుందా? చెడుతుంది. దీన్ని ప్రపంచానికి నేర్పినది మనలాంటి పత్తి రైతుల కథే.

20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పెల్లాగ్రా అనే వ్యాధి ప్రబలింది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగిలేది. విరేచనాలు పట్టుకునేవి. చివరకు మతి చలించేది. పిచ్చాసుపత్రులకు ఎందరో రోగులు ఈ వ్యాధితోనే చేరేవారు. అంటువ్యాధి అని చాలామంది నమ్మారు. 1914లో ప్రభుత్వం పంపగా జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు పరిశోధనకు వచ్చాడు. ఆసుపత్రులలో, అనాథాశ్రమాలలో రోగులకు ఈ జబ్బు వస్తున్నది కాని, వారికి సేవచేసే సిబ్బందికి రావడం లేదని ఆయన గమనించాడు. అంటువ్యాధి అయితే అందరికీ రావాలి కదా! తేడా అంతా పళ్ళెంలో ఉన్నది. అనాథ పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, పప్పుదినుసులు పెట్టించగానే జబ్బు తగ్గుముఖం పట్టింది.

ఆ కౌలు రైతులు ఏమి తినేవారు? మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, కాస్త కొవ్వు ముక్క. ఎందుకంటే పత్తిని ఇంటి గడప దాకా వేసేవారు. కూరగాయల మడికీ, ఆవుకూ చోటు మిగలలేదు. లోపించినది నయాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది.

ఇది దూరదేశపు కథ అనుకోకండి. జొన్నలే ప్రధానంగా తినే దక్కను పీఠభూమి పేదలలోనూ పెల్లాగ్రా ఉండేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా దానిని పరిశీలించి, జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండడం ఒక కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు. దీని అర్థం జొన్నలు చెడ్డవని కాదు. జొన్న సంగటి పక్కన పప్పు, ఆకుకూర, పాలు ఉంటే అది మంచి భోజనమే. జొన్న ఒక్కటే అయినప్పుడే చిక్కు. అన్నం ఒక్కటే అయినా అంతే.

ఇప్పుడు పెల్లాగ్రా అరుదు. కాని గోల్డ్‌బర్గర్ చూసిన దృశ్యం మన గుంటూరు, ప్రకాశం పల్లెలకు కొత్తదా? గడప దాకా పత్తి, గట్టు దాకా మిరప. పాలు కేంద్రానికి పోస్తాం, నాయనమ్మకు టీ నీళ్ళు మిగులుతాయి. గుడ్లు పిల్లలకు పెడతాం. కూర చాలకపోతే ముసలివారికి పచ్చడి చాలునంటాం. ఎవరూ కావాలని చేసేది కాదిది. కాని ఎంత మంచి ఇంట్లోనైనా జరిగేది ఇదే.

భీమవరం బిడ్డ, రెండు విటమిన్లు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరులను బలితీసుకున్నది. ఆయన 1923లో అమెరికా వెళ్ళి, తరువాత లెడర్లే పరిశోధనశాలలో పనిచేశారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకూ, ఒక రకం రక్తహీనతకూ అది మందయింది. తోటకూర, పాలకూర, మునగాకు, పెసలు, శనగలు, వీటిలో సహజంగా ఉండేది ఈ ఫోలేటే.

దీనికి తోబుట్టువు వంటిది బి-12 విటమిన్. 1948లో దానిని వేరుచేశారు. నరాలకూ మెదడుకూ ఇది తప్పనిసరి. ఇది పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, కాలేయంలో మాత్రమే సహజంగా చాలినంత దొరుకుతుంది. ఆకుకూరలలోనూ పప్పులలోనూ లేదు.

“మేము మాంసం తినేవాళ్ళమే కదా, మాకెందుకు తగ్గుతుంది?” అంటారా? మీ ఇంట్లో పెద్దవాళ్ళ పళ్ళెం చూడండి. పళ్ళు ఊడాయని మాంసం మానేస్తారు. వేడి చేస్తుందని గుడ్డు మానేస్తారు. కఫమని పాలు మానేస్తారు. పైగా వయసు పైబడిన కొద్దీ కడుపులో ఆమ్లం తగ్గి, తిన్నదానిలోని బి-12ను కూడా శరీరం సరిగా తీసుకోలేదు. చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలోనూ, గ్యాస్ మాత్రలు రోజూ మింగేవారిలోనూ ఇది ఇంకా తగ్గవచ్చు.

అరికాళ్ళు తిమ్మిర్లు, నడకలో తూలడం, నాలుక మంట, నీరసం, చిరాకు, మతిమరుపు, ఇవి దాని గుర్తులు. రక్తపరీక్షతో తెలుస్తుంది. ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో సరిచేయవచ్చు. త్వరగా పట్టుకుంటే మతిమరుపు తగ్గవచ్చు. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం అలాగే నిలిచిపోవచ్చు.

ఒక హెచ్చరిక. రక్తం తక్కువగా ఉందని సొంతంగా ఫోలిక్ ఆమ్లం మాత్రలు మాత్రమే మింగకండి. బి-12 లోపం ఉన్నవారికి అవి రక్తహీనతను సరిచేసినట్టు కనిపిస్తాయి, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అందుకని ఇంట్లో పెద్దవారికి కొత్తగా మరుపు కనిపించినప్పుడు బి-12, థైరాయిడ్, రక్తం శాతం, చక్కెర, సోడియం పరీక్షల గురించి వైద్యుణ్ణి అడగండి. దిగులు కూడా మతిమరుపులా కనిపిస్తుంది. అదీ చెప్పండి.

మన జాడీ, మన కారం

మిరపను ప్రపంచానికి పంపే నేల మనది. కారం లేకపోతే ముద్ద దిగదంటాం. మరి కారం మెదడుకు మంచిదా, చెడ్డదా?

చైనాలో 55 ఏళ్ళు దాటిన 4,582 మందిని 15 ఏళ్ళ కాలంలో పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. రోజుకు 50 గ్రాములకు మించి మిరపకాయలు, పచ్చివీ ఎండువీ కలిపి, తినేవారిలో జ్ఞాపకశక్తి తగ్గే ప్రమాదం దాదాపు రెట్టింపు కనిపించింది. అయితే ఇది గమనించి చెప్పిన లెక్క. మిరపకాయే కారణమని దీనితో రుజువు కాలేదు. ఎక్కువ కారం తినేవారి జీవితంలో మరేదో తేడా ఉండవచ్చు. కాబట్టి కారం మానమని మీకు చెప్పడం లేదు. పెద్దవారి కూరలో కాస్త తగ్గించమని మాత్రమే చెప్పగలం.

రుజువైన చిక్కు కారంతో పాటు జాడీలో ఉన్న ఉప్పు. ఉప్పు ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. రక్తపోటు మెదడులోని సన్నని నాళాలను ఏళ్ళ తరబడి దెబ్బతీస్తుంది. పెద్ద నాళం మూసుకుపోతే పక్షవాతం. చిన్నవి ఒక్కొక్కటిగా మూసుకుపోతే ఎవరికీ తెలియకుండానే మతి తగ్గుతుంది. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది రోజంతటి కూరలకూ, పచ్చడికీ, మజ్జిగకూ కలిపిన లెక్క. ఆవకాయ, పండుమిరప పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండుచేపలు రోజూ ఉంటే ఆ చెంచా దాటడానికి ఒక్క పూట చాలు.

పచ్చడిని ముద్దకు ముద్దా కలపకుండా, పళ్ళెం అంచున నంజుకోనివ్వండి. రోటి పచ్చడి ఏ పూటకు ఆ పూట చేసి, ఉప్పు తగ్గించి, నిమ్మరసమో, వేయించిన నువ్వులో చేర్చండి. అయితే ఉప్పు పూర్తిగా మాన్పించకండి. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవారికి సోడియం మరీ తగ్గితే దానివల్లనే మనిషి అయోమయంలో పడవచ్చు.

పళ్ళెంలో ఏమి పెట్టాలి?

కొత్త సరుకులు కొననక్కరలేదు. మన చేలల్లో, మన సంతలో ఉన్నవే చాలు.

ఉదయం: రాగి జావ తాగించి, దానితో ఒక ఉడికించిన గుడ్డు. లేదా ఇడ్లీ, పలచని సాంబారు. ఉత్త టీ, బిస్కెట్లతో పొద్దు గడపనివ్వకండి.

మధ్యాహ్నం: అన్నం ఇప్పటికంటే తక్కువ, పప్పూ కూరా ఇప్పటికంటే ఎక్కువ. కందిపప్పులో తోటకూర, గోంగూర, మెంతికూర, పొన్నగంటికూర, మునగాకు, ఏది దొరికితే అది. కూరగాయలూ పండ్లూ కలిపి రోజుకు 400 గ్రాములు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జామ, బొప్పాయి, అరటి మనకు అందేవే.

వారంలో రెండు మూడు పూటలు చేపలు. చీరాల, కొత్తపట్నం తీరాల నుండి వచ్చే కవళ్ళు, కానాగంతలు వంటి చిన్న చేపలలో మెదడుకు కావలసిన కొవ్వు ఉంటుంది. ఖరీదైన చేపే కానక్కరలేదు. వేపుడుకంటే పులుసు మేలు. ముళ్ళు తీసి పెట్టండి.

సాయంత్రం: ఉడికించిన శనగలు మెత్తగా చిదిమి, లేదా వేయించిన వేరుశనగ పొడి.

రాత్రి: పొద్దుపోకముందే కాస్త అన్నమో జొన్నరొట్టె పాలలో నానబెట్టినదో, ఒక కప్పు పెరుగు.

పళ్ళు లేనివారికి పదార్థం మార్చవద్దు, మెత్తదనం మార్చండి. మాంసాన్ని ఖీమా చేయండి, కూరను మెదపండి. కట్టుడు పళ్ళు సరిపడకపోతే అవే సరిచేయించండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ, రక్తం పలచబడే మందు వాడేవారూ ఆకుకూరలను, పప్పును ఒక్కసారిగా పెంచకుండా వైద్యుని సలహా తీసుకోవాలి.

పత్తి వేసేవారు నాలుగు సాళ్ళకొక సాలు కంది, పెరట్లో ఒక మునగ చెట్టు, దొడ్డి గోడకు ఒక సొరపాదు, ఇవి ఉంచుకోండి. పాలు పోసే ముందు ఇంటి పెద్దకు ఒక గ్లాసు తీసి పెట్టండి.

నీళ్ళు

వయసు మళ్ళితే దాహం తెలియడం తగ్గుతుంది. రాత్రి లేవవలసి వస్తుందని కొందరు కావాలనే నీళ్ళు మానేస్తారు. రెంటచింతల ఎండలు ఎలాంటివో మీకు చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో “దాహమైతే అడగండి” అంటే చాలదు. గంటకోసారి గ్లాసు చేతికివ్వాలి. నీళ్ళు, పలుచని మజ్జిగ, అంబలి, ఏదైనా సరే. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం వైద్యుడు చెప్పిన కొలతే.

ఒక్కపొద్దు సంగతి

తపస్సుకాలం వస్తే మన పెద్దలు ఎవరు చెప్పినా వినరు. “చిన్నప్పటినుంచీ ఉంటున్నాను, ఇప్పుడు మానతానా?” అంటారు. వారి భక్తి గొప్పది. కాని తిరుసభ చట్టం ఏమంటున్నదో వారికి తెలియజేయండి. 1983లో వెలువడిన తిరుసభ న్యాయస్మృతి ప్రకారం ఒక్కపొద్దు నియమం యుక్తవయసు వచ్చినవారి నుండి 60వ ఏట ప్రవేశించేదాకా మాత్రమే. ఆపై వయసువారికి అది విధి కాదు. దివ్యసత్ప్రసాదానికి ముందు గంటసేపటి ఉపవాసం నుండి కూడా వృద్ధులకూ, రోగులకూ, వారికి సేవచేసేవారికీ మినహాయింపు ఉన్నది.

ముఖ్యంగా ఇన్సులిన్ గాని, చక్కెర మాత్రలు గాని తీసుకుని పస్తుంటే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక, స్పృహ తప్పడం వరుసగా వస్తాయి. ఇది మాటిమాటికీ జరిగితే మెదడుకు హాని. వారికి త్యాగం చేయాలని ఉంటే వేరే త్యాగాలున్నాయి. చుట్ట మానడం ఒకటి. అది మెదడుకూ మేలే.

తిండి చేయలేనిది

ఇక్కడ నిజం చెప్పాలి. ఏ కూరా, ఏ పొడీ, ఏ టానిక్కూ అల్జీమర్స్ జబ్బును నయం చేయదు. ఎవరైనా అలా చెప్పి సీసా అమ్మితే కొనకండి. మెదడుకు మేలని పేరుపొందిన ఒక ఆహార పద్ధతిని అమెరికాలో 604 మంది పెద్దల మీద మూడేళ్ళు పరీక్షించారు. 2023లో ఫలితం వచ్చింది. మామూలు తిండిని కాస్త తగ్గించి తిన్నవారికీ, వీరికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఫిన్లండ్‌లో 60 నుంచి 77 ఏళ్ళ వయసున్న 1,260 మందితో జరిగిన మరో పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. అక్కడ ఒక్క తిండి కాదు, తిండితో పాటు వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటూ చక్కెరల అదుపు, అన్నీ కలిపి రెండేళ్ళు చేయించారు. వారి ఆలోచనా శక్తి మిగిలినవారికంటే మెరుగ్గా ఉన్నది. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 14 కారణాలను పేర్కొని, వాటిని సరిదిద్దగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చునన్నది. రక్తపోటు, చక్కెర, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, వినికిడి లోపం, చూపు లోపం, దిగులు, ఒంటరితనం వాటిలోనివే. తిండి వీటిలో కొన్నింటి మీద పనిచేస్తుంది. అన్నింటి మీదా కాదు.

ఆ చివరిది, ఒంటరితనం, చూశారా? మొదట చెప్పిన నాయనమ్మ అన్నం ఎందుకు మిగిల్చింది? ఒక్కతే కూర్చుని తినబుద్ధి కాక. గిన్నెలో గుడ్డు పెట్టి వెళ్ళినా అది అలాగే ఉండిపోవచ్చు. కోతల రోజుల్లో పక్కింటి వృద్ధురాలినీ ఆమెనూ ఒకే అరుగు మీద కూర్చోబెట్టండి. రాత్రి భోజనం మాత్రం అందరూ కలిసే చేయండి. జబ్బు వచ్చేసిన ఇంట్లో కూడా ఈ ఒక్కటి చేయవచ్చు. తండ్రికి మతి తప్పినా సహనంతో చూడమని సీరా జ్ఞానగ్రంథం మూడవ అధ్యాయం బిడ్డలకు చెబుతుంది. “ఇప్పుడే కదా తిన్నావు!” అని కసురుకోకుండా, మరో రెండు ముద్దలు కలిపి పెట్టడం ఆ సహనమే.

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

1. నిన్న మన ఇంటి పెద్ద మూడు పూటలా ఏమేమి తిన్నారు? చెప్పగలమా?

2. ఆ పళ్ళెంలో పాలు, గుడ్డు, చేప, మాంసంలో ఒక్కటైనా ఉన్నదా?

3. వారి రక్తపోటు, చక్కెర చివరిసారి ఎప్పుడు చూపించాం? బి-12 పరీక్ష ఎప్పుడైనా చేయించామా?

4. వారు వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి వైద్యునికి చూపించామా?

5. వారితో కలిసి కూర్చుని తిని ఎన్నాళ్ళయింది?

మొదటి ప్రశ్నకు జవాబు తెలియకపోతే సిగ్గుపడకండి. చాలా ఇళ్ళలో తెలియదు. ఈ రాత్రి వారి పక్కన పీట వేసుకుని కూర్చోండి, తెలుస్తుంది.